శనివారం వాక్యాలు

ముప్పై అయిదేళ్ళు సర్కారు బళ్ళలో ఇంగ్లీషు చెప్పాను. పదవీ విరమణ రోజున శాలువా కప్పి, పాత విద్యార్థులు ఒకరి తర్వాత ఒకరు లేచి నన్ను పొగిడారు. వాళ్ళలో ఒకడు ఇప్పుడు మా ఊరి చెరువు వెనక లేచిన అద్దాల మేడల్లో పెద్ద ఉద్యోగి. అతను నా పాఠంలో నుంచి ఒక వాక్యం గుర్తుపెట్టుకుని అప్పజెప్పాడు. “ది బఫెలో దట్ హాడ్ బ్రోకెన్ ఇట్స్ రోప్ వాజ్ ఈటింగ్ అవర్ నెయిబర్స్ జొన్న.” తాడు తెంపుకున్న బర్రె పక్కవాళ్ళ జొన్న మేస్తోందని. హాలంతా నవ్వింది. పాస్ట్ పర్ఫెక్టును అంత సులువుగా చెప్పిన మాస్టారు ఇంకొకరు లేరని అతను అన్నాడు. నేనూ నవ్వాను, చేతులు జోడించాను. ఆ వాక్యం నాది కాదు. మా అక్కది. అక్క పోయి అప్పటికి నాలుగేళ్ళు. ఆ రోజు కూడా ఆ సంగతి నేను చెప్పలేదు.

మాది హైదరాబాదు పక్కన కోకాపేట. అప్పటి కోకాపేట అంటే జొన్నచేలు, గుట్టల మీద సీతాఫలం చెట్లు, బండల మధ్య మేకలు నడిచి చేసిన దారి. ఊళ్ళో బడి ఏడో తరగతితో అయిపోయేది. హైస్కూలుకు పోవాలంటే నార్సింగి వైపు ముప్పావు గంట నడక. మగపిల్లలం గుంపుగా పోయేవాళ్ళం. ఆ బండల దారిన ఆడపిల్లను పంపడానికి ఏ ఇంట్లోనూ ఒప్పుకునేవాళ్ళు కాదు. అందుకని నాకంటే రెండేళ్ళు పెద్దదైన అక్క ఏడుతో ఆగిపోయింది. ఆమె ఆగిపోయిందని ఇంట్లో ఎవరూ బాధపడ్డట్టు నాకు గుర్తు లేదు. నేను మాత్రం సంతోషించాను, ఇక మా ఇద్దరి మార్కులూ పక్కపక్కన పెట్టి చూసేవాళ్ళు ఉండరని.

హైస్కూల్లో ఇంగ్లీషు సారు కోస్తా నుంచి వచ్చిన మనిషి. సన్నగా ఉండేవాడు. బంట్రోతును కూడా “ఏమండీ” అని పిలిచేవాడు. పిల్లలం వెనక నుంచి ఆయన్ని ‘అండీ సారు’ అనేవాళ్ళం. వెక్కిరించడానికి మాకు అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

నేను తొమ్మిదిలో ఉండగా పాస్ట్ పర్ఫెక్టు పాఠం వచ్చింది. పుస్తకంలో ఉదాహరణలు రెండే. స్టేషనుకు వెళ్ళేసరికి వెళ్ళిపోయిన రైలు, డాక్టరు వచ్చేసరికి చచ్చిపోయిన రోగి. మా ఊళ్ళకు రైలూ లేదు, డాక్టరూ లేడు. దవాఖాన అంటే బస్సెక్కి మెహదీపట్నం దాటి పోవాలి. మేం ఆ రెండు వాక్యాలనూ మంత్రాల్లాగా వల్లించి, పరీక్షలో ఏ ప్రశ్న వచ్చినా రోగిని చంపేవాళ్ళం.

సారు ఆ జవాబులు చూసి చూసి విసిగిపోయాడు. ఒక రోజు పుస్తకం మూసి బల్ల మీద పెట్టాడు.

“తెలుగులో మనం ‘పోయిన బస్సు’ అంటాం. ఎప్పుడు పోయిందీ, దేనికి ముందు పోయిందీ ఆ మాటలో లేదు. విన్నవాడే తెలుసుకుంటాడు. ఇంగ్లీషువాడు అలా వదలడండి. జరిగిపోయిన పనులు రెండుంటే ఏది ముందో తేల్చమంటాడు. ముందు జరిగినదానికి హాడ్ కట్టమంటాడు. ఇకనుంచి ఈ రైళ్ళూ రోగులూ నాకొద్దు. మీ ఇంట్లో జరిగింది రాసుకురండి.”

అలా శనివారం వాక్యాలు మొదలయ్యాయి. వారానికి ఒక్క వాక్యం. ఆ వారం మన ఇంట్లో జరిగిన సంగతే అయి ఉండాలి. అందులో హూ గానీ, విచ్ గానీ, దట్ గానీ ఉండాలి, దాని వెంట హాడ్ ఉండాలి. అందరిలోకీ మంచి వాక్యాన్ని సారు బోర్డు కుడి మూలన డబ్బా గీసి రాసేవాడు. కింద రాసినవాడి పేరు. మళ్ళీ శనివారం దాకా దాన్ని ఎవరూ తుడవకూడదు. లెక్కల సారు కూడా ఆ మూల వదిలేసి మిగిలిన బోర్డులో ఇరుక్కుని లెక్కలు చేసేవాడు. వారమంతా ఆ డబ్బాలో పేరు ఉండటమంటే మాకు మాటలు కాదు.

మొదటి శుక్రవారం సాయంత్రం నాకు ఒక్క ముక్క తోచలేదు. వాకిట్లో కూర్చుని పెన్సిలు నమలుతున్నాను. అక్క చాటలో జొన్నలు చెరుగుతూ, ఏమైందని అడిగింది. చెప్పాను.

“గింతేనా,” అంది. “మొన్న పాలు పొంగినయి. అమ్మ ఇంటికొచ్చింది. రెండూ అయిపోయిన ముచ్చట్లే. నాకు తిట్లు పడ్డయంటే ఏది ముందుగాల అయినట్టు?”

“పాలు పొంగుడు.”

“గందుకే హాడ్ పాలకు. అమ్మకు గాదు. ఇగ ఏ పాలు అంటే, పొంగిన పాలు. మనం ‘పొంగిన’ని పాలకు ముందల కడ్తం. ఇంగ్లీషోడు వెనకాల కడ్తడు, నడుమ విచ్ పెడ్తడు. బర్రెకు ముందు నుంచి తాడేస్తే ఏంది, వెనక నుంచి తాడేస్తే ఏంది.”

నా పాత పాఠపుస్తకాలన్నీ ఆమె చదివేసిందని నాకు ఆ రోజే తెలిసింది. తన చిన్నప్పటి పలక తెచ్చి, ఒక మూల చెక్క ఊడిపోయిన పలక అది, బలపంతో వాక్యం రాసింది. నేను సిరాతో నోటుబుక్కులో ఎక్కించుకున్నాను. తర్వాత ఆమె తడిబట్టతో పలక తుడిచి గూట్లో పెట్టింది. నోటుబుక్కు బడికి పోయేవాడికి కొంటారు గానీ ఇంట్లో ఉండే పిల్లకు కొనరు. కాబట్టి ఆమె రాసింది ఏదీ ఆ సాయంత్రం దాటి మిగిలేది కాదు.

శనివారం డబ్బాలో నా పేరు పడింది.

రెండో వారం అక్క ఒప్పుకోలేదు. “నువ్వే రాయి, నేను దిద్దుత. నేను రాసిస్తే నీకెప్పుడొస్తది,” అంది. న్యాయంగానే అంది. నేను నేర్చుకుని ఉంటే ఈ కథే లేదు. కానీ నాకు నేర్చుకోవడం వద్దు, పేరు కావాలి. అందుకని నోటికొచ్చింది చెప్పాను.

“మంచిగ రాయకపోతే సారు చింతబరిగెతోని కొడ్తడు. అరచేతుల మీద గాదు, ఏళ్ళ కణుపుల మీద.”

నమ్మకం కుదరాలని, రేగుకంప గీసుకున్న గీతలు రెండు మణికట్టు మీదుంటే అవి చూపించాను. అక్క ముఖం వాడిపోయింది. లోపలికి పోయి నూనెలో పసుపు కలిపి తెచ్చి ఆ గీతల మీద రాసింది. తర్వాత పలక అందుకుంది. ఆ రోజు తర్వాత ఒక్క శుక్రవారం కూడా ఆమె కాదనలేదు. నేను గుర్తు చేయకముందే అడిగేది, “రేపు సారుకు ఏం రాద్దాం?” అని.

బర్రె వాక్యం అలా వచ్చిందే. సారు దాన్ని చదివి చాలాసేపు నవ్వి, జొన్నకు ఇంగ్లీషు మాట తెలిసినా ‘జొన్న’ అనే ఉంచేశాడు. నాకు రోజులు బాగా గడిచాయి.

ఆ మరుసటి ఏడు ప్రత్యేక రాష్ట్రం కోసం ఆందోళన లేచింది. బళ్ళు నెలల తరబడి మూతపడ్డాయి. సారు తన ఊరికి వెళ్ళిపోయాడు. నేను ఆ నెలలన్నీ గండిపేట చెరువు కట్ట మీదా, సీతాఫలం గుట్టల్లోనూ తిరిగాను. అక్క పొలం నుంచి వచ్చి, వంట చేసి, మిగిలిన వెలుతురులో నా వ్యాకరణం పుస్తకం చివరి పేజీ దాకా చేసింది. ప్రతి అభ్యాసమూ పలక మీద రాయడం, తుడవడం, రాయడం, తుడవడం. ఆ పలక అరిగి అరిగి నడుమ గుంట పడింది.

బళ్ళు తెరిచాక సారు తిరిగొచ్చాడు. మనిషి మారాడు. మాతో అదివరకులాగే ఉన్నాడు గానీ ఊరి పెద్దల ముందు మాట తగ్గించాడు. ఎవరి ఇంటి విషయంలోనూ తలదూర్చేవాడు కాదు. ‘మీవాళ్ళు, మావాళ్ళు’ అనే మాట గాలిలో ఉన్న రోజులు. ఆయన ఒంటరి మనిషి, కిరాయి గదిలో ఉండేవాడు.

శనివారం వాక్యాలు మాత్రం ఆపలేదు. ఒకసారి అక్క రాసిచ్చింది ఇది: “మై మదర్ స్వెప్ట్ ది ఫ్లోర్ విచ్ ఐ హాడ్ స్వెప్ట్.” నేను ఊడ్చిన నేలనే అమ్మ మళ్ళీ ఊడ్చింది. నేను అర్థం చూసుకోకుండానే ఎక్కించుకుపోయి క్లాసులో చదివాను. పిల్లలు విరగబడి నవ్వారు. “ఇల్లు ఊడుస్తవారా నువ్వు” అని వెనక బెంచీవాడు నా వీపు మీద గుద్దాడు. సారు నవ్వలేదు. డబ్బాలో ఆ వాక్యం రాశాడు, నా పేరు రాయబోతూ ఆగాడు.

“మీరు ఊడుస్తారా అండీ ఇల్లు?”

“ఊడుస్త సార్,” అన్నాను.

పేరు రాశాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆయనకు ఆ రోజే అనుమానం వచ్చి ఉండాలి. ఎందుకంటే ఆ వారమే క్లాసులో, మా వైపు చూడకుండా, కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. చదువు మధ్యలో ఆపేసిన ఆడపిల్లలు బడికి రాకుండానే పదో తరగతి పరీక్షకు ప్రైవేటుగా కూర్చోవచ్చు. ఎవరి ఇంట్లోనైనా అక్కలుంటే చెప్పండి. ఫారం నేను నింపి, హెడ్మాస్టరు సంతకం చేయిస్తాను. పాసైతే పంతులమ్మ ట్రైనింగుకు పోవచ్చు.

నేను ఇంట్లో చెప్పలేదు. నాతోపాటు చదివే పక్కింటివాడు చెప్పాడు. ఆ రాత్రి అన్నాల దగ్గర అక్క నాయనను అడిగింది. ఆమె నాయనను ఏదైనా అడగడం నేను చూసింది అదే మొదలు.

నాయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడని అంటే ఈ కథ ఆయన నెత్తిన వేసి నేను తప్పుకోవచ్చు గానీ, అది అబద్ధం అవుతుంది. ఆయన ముద్ద పక్కన పెట్టి కొంచెంసేపు ఆలోచించాడు.

“నాకు చదువు తెల్వదు. సారు మనింటికొచ్చి, ఈ పిల్లకు చాతనైతదని నోటితోని చెప్తే కూసో. చాతగాదంటే ఎండాకాలంల గోపన్‌పల్లి సంబంధం ఖాయం చేస్త. మల్ల ఏడ్వద్దు.”

“ఏడ్వను నాయినా,” అంది అక్క.

సారును పిలుచుకు రమ్మనే పని నాకు పడింది. రెండు వారాలు ఏవో సాకులు చెప్పాను. సారుకు జ్వరమన్నాను, ఊరికి పోయాడన్నాను. అక్క రోజూ సాయంత్రం నేను వచ్చే దారి వైపు చూసి, నా వెనక ఎవరూ లేకపోతే లోపలికి పోయేది. ఆ రెండు వారాలూ శనివారం వాక్యం మాత్రం రాసిచ్చింది.

నా భయం ఏమిటో ఇప్పుడు చెబితే నవ్వొస్తుంది. సారు అక్కను ఒక వాక్యం రాయమంటాడు. ఆమె చేతిరాత కాదు, ఆమె వాక్యం నడక ఆయనకు తెలుసు. రెండేళ్ళుగా డబ్బాలో పెట్టి ముచ్చటపడిందే. ఒక్క వాక్యం చూస్తే చాలు, నా బండారం బయటపడుతుంది. సోమవారం క్లాసంతా తెలుస్తుంది. అంతే నా భయం. పద్నాలుగు దాటిన వాడికి అది ప్రపంచం మునిగిపోవడమే అని మీరు నన్ను వెనకేసుకొస్తారేమో. రావద్దు. ఆమెకు పదహారే. ఆమె ప్రపంచం కూడా అక్కడే ఉంది.

చివరికి నాయనే ఎవరితోనో కబురు పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నం సారు సైకిలు మీద వచ్చాడు. నాయన అరుగు మీద మంచం వాల్చి పైన దుప్పటి పరిచాడు. అమ్మ మజ్జిగ ఇచ్చింది. అక్క తెల్లవారగానే వాకిలి అలికి, తల దువ్వుకుని, తలుపు చాటున నిలబడి ఉంది. పలక కడిగి ఆరబెట్టి చేతిలో పట్టుకుంది. అదొక్కటే ఆమె దగ్గర ఉన్నది. చూపించడానికి ఒక్క కాగితం లేదు.

“అమ్మాయి ఏమైనా రాసినవి ఉన్నాయా అండీ?” అని సారు నాయనను అడిగాడు.

నాయన నా వైపు చూశాడు. ఇంట్లో చదువుకున్నవాడిని నేనే కదా.

“లేవు సార్,” అన్నాను. అక్కడితో ఆగొచ్చు. ఆగలేదు. “అక్కకు ఇంగ్లీషు రాదు సార్. నా పుస్తకం ముందల పెట్టుకుని అక్షరాలు దిద్దుకుంటది. గంతే.”

సారు నా ముఖంలోకి చూశాడు. ఆ చూపును నేను తట్టుకోలేక సైకిలు వైపు చూశాను. ఆయన మెల్లగా మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

“అయినా సరే, అమ్మా, ఒక్కటి రాయండి. మీకు తోచింది. ఇల్లు గురించి రాయండి, పొలం గురించి రాయండి. తప్పయినా పరవాలేదు.”

అక్క బయటికి వచ్చి గడప దగ్గర కూర్చుంది. పలక ఒళ్ళో పెట్టుకుంది. బలపం తీసుకుంది. అప్పుడు నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో, కోపం ఉంటే నాకు ఇన్నేళ్ళు ఇంత చేదు ఉండేది కాదు. నా ముఖం చూసింది, తర్వాత నా చేతుల వైపు చూసింది. బలపం పలక మీద ఆనించి కొంచెంసేపు అట్లాగే ఉంది. తర్వాత తీసేసింది.

“తమ్ముడు చెప్పింది నిజమే సార్. నాకు రాదు,” అంది.

సారు నాయనతో ఇంకేదో అంటాడనుకున్నాను. ఇంకో ఏడాది చదివిద్దామని గానీ, నేను నేర్పుతానని గానీ. అవతలి ప్రాంతం మనిషి, ఆ రోజుల్లో, ఒక రైతు అరుగు మీద కూర్చుని, నీ కొడుకు అబద్ధమాడుతున్నాడని ఎలా అంటాడు? “పోనీలెండి, పై ఏడు చూద్దాం,” అన్నాడు. పై ఏడు అంటే మా ఇళ్ళల్లో అర్థం ఏమిటో ఆయనకూ తెలుసు. మజ్జిగ సగం గ్లాసులోనే వదిలేసి వెళ్ళిపోయాడు.

అక్క ఏడవలేదు. మాటిచ్చింది కదా. పలక తీసుకెళ్ళి గూట్లో పెట్టి, గ్లాసు కడిగి, బర్రెను చేను వైపు తోలుకుపోయింది.

తర్వాతి శుక్రవారం ఆమె అడగలేదు, నేను అడగలేదు. నా అంతట నేను ఒక వాక్యం రాసుకుపోయాను. అందులో రైలు ఉంది. సారు చదివి పక్కన పెట్టాడు. ఆ శనివారం మొదలు బడి వదిలేదాకా డబ్బాలో నా పేరు లేదు. ఆయన నన్ను పిలిచి ఒక్క మాట అడగలేదు. అడిగి ఉంటే చెప్పేవాడినేమో అని చాలాకాలం నన్ను నేను సమాధానపరచుకున్నాను. అది కూడా ఆయన మీదికి నెట్టడమే.

ఎండాకాలంలో గోపన్‌పల్లి సంబంధం అయిపోయింది. బావ మంచివాడే. కానీ వాళ్ళకున్నది రాళ్ళ చెలక, వాన పడితే పండేది, లేకపోతే కూలి. నేను పది పాసై, సిటీలో బీయే చదివి, టీచరు ట్రైనింగు చేసి, డెబ్భైల చివర్లో ఉద్యోగంలో చేరాను. ఏ ఉద్యోగం? ఆమె చేయాలనుకున్నదే. మొదటి ఏడు పాస్ట్ పర్ఫెక్టు పాఠం వచ్చేసరికి నా నోట రైలు రాలేదు, రోగి రాలేదు. తాడు తెంపుకున్న బర్రె వచ్చింది. ఊడ్చిన నేల వచ్చింది. పొంగిన పాలు వచ్చాయి. పిల్లలకు ఇట్టే అర్థమైంది. ఇన్‌స్పెక్టరు వచ్చి భేష్ అన్నాడు.

ఆ ఎండాకాలమే అక్కను చూడటానికి గోపన్‌పల్లి పోయాను. ఇంట్లో లేదు. ఊరి పక్కన పెద్ద చదువుల కోసం కొత్తగా కడుతున్న యూనివర్సిటీ గోడల దగ్గర పనిలో ఉందని చెప్పారు. పోయి చూస్తే, తలమీద సిమెంటు తట్టతో నడిచి వస్తోంది. నన్ను చూసి తట్ట మేస్త్రీ దగ్గర దించి, చెయ్యి కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. సగం లేచిన గోడ నీడలో కూర్చున్నాం. నౌకరీ గురించి అడిగింది. ఏం పాఠం చెప్తవని అడిగింది. చెప్పాను. బర్రె సంగతి చెబితే నవ్వింది, ఆ బర్రె పేరు గుర్తుందా అని అడిగింది. నాకు గుర్తు లేదు.

అప్పుడు అడిగేశాను.

“అక్కా, సారు మనింటికొచ్చిన దినం నువ్వెందుకు రాయలే? నీకు వచ్చు గదా.”

ఆమె తలకు పెట్టుకునే గుడ్డ చుట్టను విప్పి, దులిపి, మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. నేను అబద్ధమాడినందుకు ఏమైనా అంటుందని ఎదురుచూశాను. అనాలనే కోరుకున్నాను.

“రాస్తే నువ్వు దొరుకుతుంటివి గద తమ్మీ. తెల్లారి బడిల సారు నిన్ను సంపేటోడు. అసలే చింతబరిగె, ఏళ్ళ కణుపుల మీద.” చుట్ట గట్టిగా బిగించి తలమీద పెట్టి చూసుకుంది. “నీ చేతులు అప్పటికే ఎట్లుండె. పరీక్షదేముంది, ఇడువు. గా చెంబు అందుకో జర.”

ఆ సారు ఆ బడిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క పిల్లవాడి మీద చెయ్యెత్తలేదు. ఆయన చేతిలో సుద్దముక్క తప్ప ఏనాడూ ఏమీ లేదు. ఆ సంగతి ఆ బడిలో చదివిన ప్రతివాడికీ తెలుసు. అక్క ఆ బడి గడప తొక్కలేదు. ఆమెకు ఆ బడి గురించి తెలిసిందంతా నేను చెప్పిందే.

మేస్త్రీ కేక వేశాడు. ఆమె లేచింది. నేను చెంబు అందించాను, ఆమె నిలబడే నీళ్ళు తాగి, తట్ట ఎత్తమంది. ఎత్తాను. చింతబరిగె లేదని అప్పుడు కూడా చెప్పలేదు.